నా చోట్లో కారు

అందరూ నా ప్రాణం తీయడమే గానీ, ఈ ఇంట్లో నిన్ను అడిగేవాళ్ళు ఒక్కరూ లేరయ్యా. అమ్మా, నీ ఇష్టం అంటారు. అమ్మా, నాన్నతో నువ్వే మాట్లాడు అంటారు. ఏం, నేనే ఎందుకు మాట్లాడాలి? కారు కావాలని గోల పెట్టింది వాళ్ళు. నీతో చెప్పాల్సొచ్చేసరికి మాత్రం మన అల్లుడుగారికి గొంతు పట్టేసింది.

ఉండు, ముందు ఈ కోడిని తోలనీ. శనివారం శనివారం నేను నీ సమాధి కడిగేది ఈ పుంజు కాళ్ళు చాపుకోవడానికా? మన ద్వీపంలో అందరిలాగే నిన్నూ ఇంటిముందు పడుకోబెట్టి మూడేళ్ళయింది. నీ మీద ఈ రేకుల కప్పు వేయించిన రోజునించీ పేటలో కోళ్ళన్నిటికీ ఇదే సత్రం. బతికున్నప్పుడూ అంతేగా, పనీపాటా లేనివాళ్ళంతా నీ దగ్గరికే చేరేవాళ్ళు.

సరే, విను అపోరో. మన అమ్మాయి తెపాయెరూ మొగుడూ పొద్దున్నే ఆవరువా టౌనుకి వెళ్ళారు, కారు తేవడానికి. ఈపాటికి బయల్దేరే ఉంటారు. వాళ్ళు వచ్చేలోగా నీకు రెండు సంగతులు చెప్పాలి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

చిన్నది ముందు. మనం కొన్నది కరెంటు కారు.

నవ్వుతావని నాకు తెలుసు. నువ్వున్నప్పుడు ఎవరైనా ఆ మాటెత్తితే, కరెంటుతో తిరిగేది ఫ్యాను, బండి కాదు అని నీ ట్రక్కు ముందు రేకు మీద చరిచి మరీ చెప్పేవాడివి. నువ్వు చరిచిన చోట ఇప్పుడు చెయ్యి దూరేంత కన్నం పడింది, తెలుసా? ఈ ఉప్పుగాలికి ఏది మిగులుతుంది గనక. కాళ్ళ కింద రేకు కూడా పోయింది. మొన్న వానల్లో మన చిన్న మనవరాలి చెప్పు ఆ కన్నంలోంచి జారిపోయింది. తలుపులు వేసినవి వేసినట్టే ఉన్నాయి, చెప్పు మాత్రం వెనకాల రోడ్డు మీద ఉంది. అల్లుడు తురూవా వెనక్కి నడిచివెళ్ళి తెచ్చాడు పాపం.

ఇక పెట్రోలు. మనకేదైనా ఓడ మీద రావాల్సిందే కదా. ఓడ ఆలస్యమైతే ఒక ధర, వస్తే ఇంకో ధర, రెండూ పైకే. నీ ట్రక్కు తాగినంత నువ్వు కూడా ఏనాడూ తాగలేదు, అంతకంటే ఎక్కువ చెప్పను.

అందుకని దాన్ని మూల నిలబెట్టేసి, మీ అమ్మాయి ఉన్న ఒక్క స్కూటరు మీదే సంసారం లాగించింది. ముందు పెద్ద మనవడు నిలబడతాడు, వెనక మొగుడు, ఇద్దరి మధ్యా చిన్నది, మొగుడి భుజాన చేమదుంపల సంచి. వాన పడితే దుంపలు తప్ప అందరూ తడుస్తారు. వాళ్ళు ఇల్లు చేరేదాకా నేను గుమ్మంలోనే నిలబడి ఉండేదాన్ని.

కారు ఎంచడం అంటే ఏమనుకున్నావు? తురూవాకి కొత్త ట్రక్కు కావాలట, పేద్దది, కరెంటుదే, పడవని కూడా లాగుతుందట. ఏ పడవయ్యా అంటే, ముందు ట్రక్కు కొంటే తర్వాత పడవ కొనొచ్చు అన్నాడు. నువ్వు ఏరికోరి తెచ్చిన అల్లుడే, నన్నేమీ అనకు. తెపాయెరుకేమో వ్యాను కావాలి, చుట్టాలంతా ఎక్కుతారని. చుట్టాలు ఎక్కుతారు సరే, దిగరు. ఆ సంగతి దానికింకా తెలీదు.

నీకేం కావాలమ్మా అని నన్నూ అడిగారు. నేను లోపలికెళ్ళి చర్చి టోపీ పెట్టుకొచ్చాను. ఆ తెల్లదే, లేత కొబ్బరాకు నారతో అల్లింది, పళ్ళెమంత అంచున్నది. అలాగే వెళ్ళాం కార్లమ్మేవాడి దగ్గరికి. ఒక్కో కారే ఎక్కడం, కూర్చోవడం, టోపీ పైన తగిలితే దిగిపోవడం. వాడు పాపం బ్యాటరీ గురించి ఏదో చెప్పుకుపోతున్నాడు. బ్యాటరీ సరే నాయనా, నా టోపీ వంగిపోతోంది అన్నాను.

అమ్మేవాడు, తురూవా మనసుపడ్డ ట్రక్కు చూపించి, ఒకసారి నింపితే ద్వీపం చుట్టూ పదిహేనుసార్లు తిరిగొస్తుంది అన్నాడు. పదిహేనుసార్లు నేనెందుకు తిరగాలి? ఏమన్నా పారేసుకున్నానా?

అప్పుడు కనబడింది ఒకటి, వెనక గోడవార. నీలంది, పక్కన చిన్న సొట్ట. జపానులో ఎవరో వాడి వదిలేసింది. అది మీకొద్దు మామ్మగారూ, దాని బ్యాటరీ సగం అయిపోయింది, పెద్ద దేశాల్లో దాన్నెవరూ కొనరు అన్నాడు. సగం అయిపోయిందని గోడవార పడేస్తారా? నాకెందుకో కోపమొచ్చింది. మిగతా సగంతో ఎంతదూరం పోతుందయ్యా అన్నాను. ద్వీపం చుట్టూ మూడుసార్లు, మెల్లగా వెళ్తే నాలుగు అన్నాడు. మన రోడ్డు మీద మెల్లగా కాక ఎలా వెళ్తారు?

ఎక్కి కూర్చున్నాను. టోపీ తగల్లేదు. మేం అయిదుగురం పడతాం, చుట్టాలు పట్టరు. ఇంతకంటే మంచి కారు ఎక్కడుంటుంది చెప్పు?

ఇంకోటి. దానికి మాటలొచ్చు. మీట నొక్కినప్పుడల్లా ఎవరో ఆడమనిషి జపాను భాషలో ఏదో అంటుంది, మర్యాదగానే. ఎలా ఆపాలో అమ్మినవాడికీ తెలీదట. అందుకని పొద్దున్నే నీ పక్కనించి పరాయి ఆడగొంతు వినబడితే కంగారుపడకు. మురిసిపోనూ పోకు.

నా పక్కనించి ఏమిటి అంటావా? ఆగు, వస్తున్నా. ముందు డబ్బు సంగతి.

నీ ట్రక్కు అమ్మేశాం. ఎవరికో అడగవేం? మునొకోవాకి. అవును, ఆ మునొకోవాకే. నీ పంది వాడి తోటలో పడిందని నువ్వు పోయేదాకా నీతో మాట్లాడనివాడికే. కన్నాలతో సహా మంచి ధరే ఇచ్చాడు. సామాన్లు ఊడదీసుకోవడానికే అన్నాడు గానీ, నీ సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకుని చాలాసేపు దిగలేదు. దిగాక ముక్కు చీదుకున్నాడు. మీ మగవాళ్ళ పోట్లాటలు నాకెప్పుడు అర్థమయ్యాయి గనక.

అది చాల్లేదు. మిగతాది నేను వేశాను. ఎక్కడిదంటే, నా పలకరాళ్ళ డబ్బు. నీ మీద పరిచినలాంటి నల్లరాళ్ళే నా సగం మీదా పరిపించుకోవాలని దాచుకున్నదే. అదంతా పోసేశాను. మొహం అలా పెట్టకు. పెద్ద సంగతి ఇంకా చెప్పనేలేదు.

ఆ కారుని ఇక్కడ పెడుతున్నాం. ఈ కప్పు కిందే, నీ పక్కన. నా చోట్లో.

ఇప్పుడు నవ్వు చూద్దాం.

ఏం చెయ్యమంటావు? కరెంటు పనివాడు వచ్చి ఇల్లంతా తిరిగాడు. వెనకవైపు పెడితే సముద్రపు తుంపర. పక్కన సీమపనస కింద పెడితే అద్దానికి ఒక్క కాయ చాలు. చెట్టు అవతల నేల నీ చెల్లెలిది, అక్కడ గడ్డి పీకినా ఆక్లండునించి ఫోనొస్తుంది. చివరికి ఇక్కడికొచ్చి నిలబడ్డాడు. గట్టి సిమెంటు నేల, పైన కప్పు. మనిద్దరికీ అని అప్పుడు వెడల్పుగానే కట్టించాం కదా. నీకు చీకటంటే పడదని నేను పెట్టించిన దీపం ఉంది, దానికి లాగిన కరెంటు తీగ ఉంది. వాడు చూశాడు, తురూవా చూశాడు, నేనూ చూశాను. వాడు తలమీది టోపీ తీసేసి, టీ ఏమన్నా ఉందా అండీ అన్నాడు.

భోజనాల దగ్గర తురూవానే నోరు విప్పాడు, కంచంలోకి చూస్తూ. "ప్రస్తుతానికే అత్తయ్యా. మీకు అవసరం పడిన రోజున తీసేస్తాం."

తెపాయెరు చెంచా విసిరేసింది. "అది మా అమ్మ చోటు. నాన్న పక్కన కారు పడుకుంటుందా?" అని ఒకటే ఏడుపు.

"పెట్టండి," అన్నాను నేను.

అంతే, నన్ను పట్టుకుని ఇంకా ఏడ్చింది. పోయిన ఆదివారం పాస్టరుగారు కూడా చెప్పారు, బిడ్డల కోసం తన చివరి చోటు కూడా ఇచ్చేసిన తల్లి అని. చర్చిలో అందరూ నావైపు తిరిగారు. నేను టోపీ కిందికి లాక్కున్నాను. పొగిడితే సిగ్గుపడుతోంది అనుకుని ఉంటారు. సిగ్గే గానీ, ఆ సిగ్గు కాదు.

నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాను? నేనేమీ త్యాగం చెయ్యలేదయ్యా. తురూవా ఆ మాట అనగానే నాకు హాయిగా అనిపించింది. అదీ నా సిగ్గు.

నిన్ను లోపలికి దించేటప్పుడు నేను ఏమని అరిచానో పేటంతా విన్నారు. నా చోటు ఉంచు అపోరో, నీ వెనకాలే వస్తున్నా అన్నాను. అబద్ధం కాదు. ఆ ఏడాదంతా మధ్యాహ్నం పూట ఈ ఖాళీ సగం మీదే చాప వేసుకుని పడుకున్నాను. వీపుకి చల్లగా తగులుతుంటే, ఇంకెన్నాళ్ళులే అనుకునేదాన్ని. లోపలికెళ్తే వంటింటి కిటికీలోంచి మళ్ళీ ఇదే. నీ పలక, పక్కన నా ఖాళీ. టీ కాస్తున్నా అదే, గిన్నెలు తోముతున్నా అదే. శనివారం నీది కడిగి, దాన్నీ కడిగేదాన్ని.

ఆ కరెంటు పనివాడు రాకముందే, కారు నడిపి చూసుకోమని ఒక పూటకి ఇచ్చారు. మన గేటు దగ్గరికి తెచ్చాక తురూవా, మీరు నడపండి అత్తయ్యా అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. నేను ఎక్కేశాను. ఇన్నేళ్ళు స్కూటరు నడిపినదాన్ని, నాకు రోడ్డు కొత్తా? నీ ట్రక్కు నన్నెప్పుడూ ముట్టనిచ్చావు కాదు, క్లచ్చు అరిగిపోతుందని. దీనికి క్లచ్చే లేదు.

నువ్వు నలభై ఏళ్ళూ గేటు దాటగానే ఎడమకే తిప్పావు, ఊళ్ళోకి. నేను కుడికి తిప్పాను. ఎందుకో అడక్కు.

చప్పుడే లేదు అపోరో. నీ పక్కన కూర్చుని ఈ రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగానో, దారి పొడుగునా సముద్రం వినబడుతుందని నాకు తెలీదు. నీ ఇంజనే వినబడేది. తితికవేకలో ఆడవాళ్ళు దుప్పట్లు కుడుతూ పాడుకుంటున్నారు, అది వినబడింది. మూరి ఊరు దాటాక ఎవరో కుక్కని తిడుతున్నారు, అదీ వినబడింది. ఏం తిట్లో, నేనూ తురూవా నవ్వలేక చచ్చాం. చుట్టూ తిరిగి మళ్ళీ మన గేటు దగ్గరికి వచ్చాం. తురూవా దిగబోయాడు. ఉండు, ఇంకోసారి అన్నాను.

ఇంకోసారి అని నేను దేనికైనా అని ఎన్నాళ్ళయింది?

అందుకే పెట్టమన్నాను. రేపటినించి కిటికీలోంచి చూస్తే నా ఖాళీ కనబడదు, నీలం కారు కనబడుతుంది. ఎవరో ఒకరు దాన్ని బయటికి తీసి ఎక్కడికో పోతూ ఉంటారు. నాకు ఇప్పుడే నీ దగ్గరికి రావాలని లేదయ్యా. నీ మీద ప్రేమ తగ్గి కాదు. ఆ మాట నువ్వు అన్నావంటే మాత్రం రేపు నీకు పూలు పెట్టను. నువ్వు లేకపోతే బతకలేననుకున్నాను. బతకడం వస్తోంది, ఏం చెయ్యను?

ఏమీ అనవేం? ఆ కోడి చేత అరిపిస్తే నాకేం అర్థమవుతుంది?

అయ్యో, వచ్చేశారు. చూడు, గేట్లోకి వచ్చేదాకా తెలీనే లేదు. నీ ట్రక్కయితే నువ్వు వచ్చేలోగా నేను టీ పెట్టేసేదాన్ని. సొట్ట ఉన్నా ముద్దుగానే ఉంది కదూ? మెల్లగా రా తురూవా. ఇంకొంచెం. మామయ్య కాళ్ళకి తగలకుండా. ఆ, చాలు.

అదిగో, జపానావిడ ఏదో అంటోంది. నిన్నే పలకరిస్తోందేమో, మర్యాదగా ఉండు.

రేపు చర్చికి నేనే నడుపుతాను. చర్చి ఎడమకి, నాలుగడుగుల్లో ఉంది, తెలుసు. మేం కుడికి తిరిగి ద్వీపం చుట్టూ వెళ్తాం.

నువ్వు పడుకో. నా చోటు అది చూసుకుంటుంది. నేను కాస్త ఆలస్యంగా వస్తాను.