తెర మీద ఓదెలు

గనిలో బండ కూలి అరగంటయింది. పైన కంట్రోల్ రూములో ఇంజనీరమ్మాయి కంప్యూటర్ తెర ముందు కూర్చుంది. కింద పనిచేసే ఒక్కో మనిషి ఒంటి మీది ట్యాగుకూ తెర మీద ఒక్కో చుక్క. పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా కింది మనుషుల పని చూసే ముసలి సర్దార్ కూర్చోలేకపోయాడు.

“అందరి చుక్కలున్నయి కాకా. ఓదెలుదే లేదు.”

“కూలిన బండకు కుడి దిక్కున్నడో ఎడమ దిక్కున్నడో చెప్పు బిడ్డా. తవ్వెటోళ్లు ఆగిండ్రు.”

“ఆయన ట్యాగు నుంచి సిగ్నల్ వస్తే గదా చెప్పేది! భుజం మీదనే పెట్టుకున్నడా?”

“లే. బనీను లోపట, రొమ్ముకు కట్టుకున్నడు.”

“లోపటనా? ఎవరు చెప్పిండ్రు?”

“నేనే. కొత్త సామాను, బొగ్గు దుమ్ముకు ఖరాబైతదని అందరికీ చెప్పిన.”

“ఒళ్లు సిగ్నల్‌ను మింగుతది కాకా! నిలబడ్డోళ్లది ఎట్లనో వస్తది. దాని మీద బోర్ల పడితే అసలే రాదు.”

“అయితే ఏదో ఒక దిక్కు, ఎడమకే తవ్వమంట. ఇంకెంతసేపు ఆగుడు?”

“వద్దు! తప్పు దిక్కు తవ్వితే ఉన్న బండ గూడ కూలుతది.”

సర్దార్ ఫోను పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. తెర కుడి అంచున ఒక చుక్క వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగి, ఈసారి ఆరలేదు.

“కుడి దిక్కు కాకా! చెప్పు!”

“కుడికి తవ్వుండ్రి!” ఫోన్లో అరిచి, ఆమె వైపు తిరిగాడు. “ఇంతసేపు రానిది ఇప్పుడెట్ల వచ్చింది బిడ్డా?”

“బోర్ల పడ్డోడు ఎల్లెలకల తిరిగిండు కాకా. ఆడ తిప్పెటోళ్లు ఎవరున్నరు? తనే తిరిగిండు.”