అత్తయ్య మళ్లీ చదవమన్న పేజీ

"అమ్మమ్మా, ఆడవాళ్ల పత్రికలో పనికి చేరాను కదా, అసలు అట్టాంటి పుస్తకాన్ని ఎందుకు చదవాలంటావ్? నువ్వు చెప్పు."

నన్నడిగితే ఎట్టాగే తల్లీ. నేనేమన్నా చదువుకున్నదాన్నా? బాపట్లలో ఎనిమిది... కాదు, తొమ్మిదిలో సగం దాకా వెళ్లాను. ఆ సగంలోనే పెళ్లి చేసి రేపల్లె పంపారు. మీ తాతయ్య దుగ్గిరాల పసుపు యార్డులో గుమాస్తా. పొద్దున రైలెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే రాక. ఇంట్లో నేనూ, అత్తయ్యా, మావయ్యగారూ. ఆయన బడిపంతులు. మేష్టారి భార్య అయ్యుండి కూడా అత్తయ్యకి అక్షరం ముక్క రాదు. అప్పట్లో అట్టాగే ఉండేది మరి, ఎవరూ వింతనుకునేవాళ్లు కాదు.

నాకేమో పుట్టింట్లో అయిన అలవాటు, నెలనెలా ఆడవాళ్ల పుస్తకం చదవాలి. మా వదిన తను చదివేశాక బాపట్ల నుంచి ఎవరన్నా వస్తుంటే వాళ్ల చేతికిచ్చి పంపేది. వంటలు, ముగ్గులు, జాకెట్టు కత్తిరింపులు. అత్తయ్యకి సుతరామూ గిట్టేది కాదు. ఒకరోజు పనసపొట్టు కూర ఎట్టా చెయ్యాలో పైకి చదువుకుంటా ఉంటే, ఆవపిండి ఎప్పుడు వెయ్యమన్నారంది. అక్కడ్నుంచి మధ్యాహ్నం పూట చింతపండులో గింజలు తీస్తా వినేది. వంటలవ్వగానే ఇంక చాలు మూసెయ్యమనేది. నువ్వు ఆ వంటల పేజీల్ని తేలిగ్గా చూడబాకమ్మా. మా ఇంట్లోకి ఆ పుస్తకాన్ని రానిచ్చింది అవే.

ఇంతలో అత్తయ్యకి ఏదో అయింది. నలభై ఎనిమిదో తొమ్మిదో ఉంటయ్యేమో. ధనుర్మాసంలో మేమంతా దుప్పట్లు కప్పుకుంటే ఆవిడ జాకెట్టు తడిసిపోయేలా చెమటలు పట్టి అరుగు మీదకొచ్చి కూర్చునేది. ఉన్నట్టుండి కోపం. గిన్నె కిందపడితే ఏడుపు. అంత పెద్దమనిషి, ఎవరిముందూ కన్నీళ్లు పెట్టని మనిషి, పప్పు మాడిందని వెక్కివెక్కి ఏడ్చింది. చుట్టుపక్కలవాళ్లు గాలి సోకిందన్నారు. మావయ్యగారు చదువుకున్నాయనే, ఆయనా తాయెత్తు కట్టించారు. అది పనిచెయ్యకపోతే మంత్రం వేసేవాడి దగ్గరకి తీసుకెళ్తానన్నారు. వాడు వేపమండలతో కొడతాడని ఊళ్లో పేరు.

అత్తయ్య భయం ఇంకోటి. అదొక్కటీ నాకు మాత్రమే చెప్పింది, పెరట్లో బట్టలారేస్తా. అమృతలూరులో వాళ్ల పిన్ని ఉండేదంట. ఆవిడకీ ఇదే వయసులో ఇట్టాగే అయితే పిచ్చెక్కిందని వడ్ల గదిలో పెట్టి గొళ్లెం వేశారంట. అత్తయ్య చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ గదికి అన్నం తీసుకెళ్లేదంట. తలుపు సందులోంచి పిన్ని చెయ్యి పెట్టి ఈవిడ జడ నిమిరేదంట. "నన్ను కూడా అట్టా పెడితే నువ్వన్నా అన్నం తెస్తావా అమ్మాయ్" అంది. తెస్తానత్తయ్యా అనలేను, తేననలేను. తడిబట్ట తీగ మీద పడేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నా.

ఆ నెల పుస్తకం వచ్చింది. వంటలు చదివాను. ఆవిడ వింటుందో లేదో తెలీదు, గింజలు తీస్తంది, అంతే. మూసెయ్యమనలేదు. నేనూ పేజీ తిప్పి చదువుకుంటా పోయాను. ఒక డాక్టరమ్మ రాసింది. ముట్లుడిగే వయసులో ఆడదాని ఒంట్లో ఏం జరుగుద్దో. చలికాలంలో కూడా ఒంట్లోంచి ఆవిర్లు పుడతయ్యనీ, నిద్ర పట్టదనీ, కారణం లేకుండా ఏడుపొస్తదనీ. ఇంట్లోవాళ్లు దీన్ని పిచ్చి అనుకుంటారు, కాదు అనీ. ఎక్కడో పట్నంలో కూర్చున్న మనిషికి రేపల్లెలో మా అరుగు మీద సంగతి ఎట్టా తెలిసింది?

తలెత్తి చూస్తే అత్తయ్య చేతులాగిపోయినయ్. "మళ్లీ చదువు" అంది. చదివా. మళ్లీ అంది. ఎన్నిసార్లు చదివానో. చివరికి, "ఈవిడ నన్నెక్కడ చూసిందే" అంది. తర్వాత చాలా నెమ్మదిగా, "అయితే మా పిన్నికి పిచ్చి కాదు" అంది.

నేను ఆవిడ ఒళ్లో తలపెట్టి ఏడ్చాను. ఆవిడ మాత్రం ఏడవలా.

సాయంత్రం మావయ్యగారు బడి నుంచి రాగానే కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చోబెట్టింది. కోడల్ని మావగారి ముందు ఆ మాటలు చదవమంటే సిగ్గుతో చచ్చిపోయా. చదువు, నేనున్నాగా అంది. ఆయన గోడవైపు చూస్తా విన్నారు. అయ్యాక పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని తనే మొదట్నుంచీ చదువుకున్నారు. ఆ వారంలోనే తెనాలి తీసుకెళ్లారు, ఆడ డాక్టరు దగ్గరకి. ఆవిడా అచ్చం పుస్తకంలో ఉన్నట్టే చెప్పిందంట. తాయెత్తు మావయ్యగారే విప్పారు. తిరిగొచ్చే రైల్లో కిటికీ పక్క సీటు అత్తయ్యకిచ్చారంట. ఆ సంగతి ఎంత గొప్పగా చెప్పుకునేదో.

తర్వాత మా ఇంటికి రాకపోకలు చూడాలి. మజ్జిగ తోడుకని ఒకరు, చాట కావాలని ఒకరు, అసలు అందరూ ఆ పేజీ వినడానికే. నిజాంపట్నం నుంచి ఎండు రొయ్యలు తెచ్చే నాగేశ్వరమ్మ, గట్టి మనిషి, సముద్రానికి కూడా బెదరదు, గంప దించి మెట్టు మీద కూర్చుని మొత్తం వింది. విని, "మా రేవులో ఒకత్తిని ఇట్టాగే ఇంట్లోంచి ఎళ్లగొట్టారమ్మా, ఆ కాయితం నోటికి వచ్చేదాకా చెప్పండి, దానికి చెప్పాల" అంది. చెప్పాం. అత్తయ్యా, నాగేశ్వరమ్మా, అక్షరం రాని ఇద్దరాడవాళ్లు చెప్పుకుంటా పోతే ఆ డాక్టరమ్మ మాట సముద్రం ఒడ్డు దాకా నడిచెళ్లింది. ఆవిడకి తెలుసో లేదో పాపం.

ఏమోనమ్మా, నువ్వడిగినదానికి నాకు తెలిసింది ఇదే. ఎక్కడో ఒకత్తి, నాకొక్కదానికే ఇట్టా అవుతందని నోరు మూసుకుని కూర్చుని ఉంటది. ఇట్టాంటి మాట ఆమెకి చేరాల. చీరలూ ఉండనీ, నగలూ ఉండనీ, ఎవరొద్దన్నారు, అయ్యీ ముచ్చటే. అయితే ఆ ఒక్కత్తి కోసం ఒక పేజీ...

పొద్దుపోయింది, నీ బస్సు దాటిపోద్ది. ఇట్టా రా, వంగు. నూరేళ్లు చల్లగా ఉండు తల్లీ. నీ రాత మొహం తెలియని ఆడదానికి కూడా అక్కరకి రావాల.