బస్టాండు దగ్గర అల్ట్రాక్రెపిడేరియన్

రేపల్లెలో ఒక ప్రైవేటు స్కూలు. కరస్పాండెంటు ప్రకాశరావు గదిలో ఇంగ్లీషు టీచరు వాగ్దేవి, హెడ్మిస్ట్రెస్ భ్రమరాంబ.

“నా ఫొటో కింద ఏం రాసుందో మళ్ళీ చెప్పండి, వాగ్దేవిగారూ.”

“‘మా ప్రియతమ అల్ట్రాక్రెపిడేరియన్‌కి జన్మదిన శుభాకాంక్షలు’ అని, సార్.”

“అంటే?”

“తనకి తెలీని సంగతుల్లో దూరి సలహాలిచ్చేవాడని.”

“బస్టాండు దగ్గరమ్మా! అంత ఫ్లెక్సు! పొద్దుట్నుంచి ఒకటే ఫోన్లు, ఒకటే నవ్వులు!”

“నేను వేయించలేదండి. గేటు బోర్డు మీద ‘నేటి పదం’ రాశాను, అంతే. పక్కన అర్థం రాయబోతే మీరే వద్దన్నారు.”

“అర్థం రాస్తే ఇంక గొప్పేముంది? పేరెంట్సుకి నోరు తిరక్కూడదు. అప్పుడే అడ్మిషన్లు!”

“నోరు తిరగని మాటే రాశాను. పొడుగ్గా ఉందని ముచ్చటపడి మీరే ఫ్లెక్సుకిచ్చారు.”

“ఓ మాట చెప్పొచ్చుగా!”

“అడిగారా? మీరెవర్ని అడుగుతారు సార్? రొయ్యల చెరువుల మీంచి వచ్చి, ఆల్జీబ్రా ఎలా చెప్పాలో లెక్కల మాస్టారికి చెప్పారు మొన్న.”

“భ్రమరాంబగారూ, వింటున్నారా?”

“వింటున్నానండి.”

“మరేం మాట్లాడరే?”

“ఏం మాట్లాడమంటారండి...”

“సరే. వాగ్దేవిగారూ, రేపు అసెంబ్లీలో మైకు పట్టుకుని, ఆ మాటకి మహామేధావి అని అర్థం అనండి. గొడవొదిలిపోద్ది.”

“అననండి.”

“ఒక్క మాటేగా!”

“పిల్లలకి తప్పు అర్థం చెప్పను.”

“వాళ్ళకేం తెలుసు?”

“తెలీదనేగా నా దగ్గరికి పంపిస్తున్నారు.”

“ఉద్యోగం పోద్ది.”

“తెలుసండి. మా ఇంటికి ఈ జీతమే ఆధారం. భయంగానే ఉంది. అయినా అనను.”

“అనరా?”

“అనను, అనను, అనను.”

“భ్రమరాంబగారూ! ఈవిణ్ణి రేపట్నుంచి రావద్దని రాసివ్వండి.”

“రాయనండి.”

“ఏంటీ?”

“రాయనన్నాను. ఫ్లెక్సువాళ్ళు ప్రూఫ్ పంపించింది నాకు. వేసెయ్యమంది నేను.”

“అయ్యో, మీకూ అర్థం తెలీలేదన్నమాట. మీరేం బాధపడకండి.”

“బాధేం లేదండి. డిక్షనరీ చూసే వేసెయ్యమన్నాను.”