ఇటలీ సినిమాలో ముసలాయన

“కోసేశారయ్యా! నా సినిమాని నిలువునా కోసేశారు!” అంటూ కొత్త డిస్కుని టీ కొట్టు బల్ల మీద విసిరికొట్టాడు వీడియో బావ. ఒకప్పుడు క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు. షాపు పోయింది, పేరు మిగిలింది.

“అట్ట మీద ‘ముక్క తీయని పూర్తి సినిమా’ అని వేసుకోడానికి సిగ్గుండొద్దూ? ఈ ఇటలీ నెత్తుటి సినిమాని ఊళ్ళో మొదట చూసిందెవరు? నేను! షట్టర్ దించుకుని, ఒంటరిగా. నల్ల చేతి తొడుగులవాడు కత్తి ఎత్తుతుంటే నేను బిస్కట్ తింటున్నా. తర్వాత అద్దెకి తీసుకెళ్ళిన కాంపౌండర్ మూర్ఛపోయాడు, వాడి ఇంటిల్లిపాదీ మూర్ఛపోయారు, గోడవతల చప్పుడు విని పక్కింటివాళ్ళూ...”

“వీధిలో కుక్కలో?” అన్నాడు టీ ఆయన.

“నవ్వకు, అసలే ఒళ్ళు మండిపోతోంది! కుక్కలూ పడ్డాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టీవీ అద్దం పగిలి కత్తి మొన బయటికొచ్చింది. రెండు వేళ్ళతో పట్టుకుని వంచేశా! దర్శకుడు ఇటలీ నుంచి ఫోన్ చేసి ఒకటే ఏడుపు, మా హంతకుడు మీకు భయపడి షూటింగుకి రానంటున్నాడు అని.”

“ఏ భాషలో ఏడ్చాడు బావా?” అన్నాడు దర్జీ పని చేసే బామ్మర్ది.

“ఏడుపుకి భాషేంట్రా! అసలు సంగతి విను. పేర్లన్నీ పడ్డాక తెర చీకటైపోతుంది. అప్పుడొస్తాడు ముసలాయన. ముఖమంతా తెల్లటి వెలుగు, అడ్డంగా గీతలు, మెడలో మఫ్లర్. అంతసేపూ ఇటలీ భాషలో అరిచిన సినిమా, ఆయన మాత్రం మన భాషలో, ‘ఆ లైటు అటు తిప్పవయ్యా, కళ్ళు పోతున్నాయి’ అన్నాడు. నా చూపు తట్టుకోలేక! ఆ సీనే ఎత్తేశారు దొంగ వెధవలు. ఇవాళ డిస్కు షాపువాడి కాలర్ పట్టుకుని తప్పు ఒప్పించకపోతే నా పేరు మార్చుకుంటా!”

బామ్మర్ది గ్లాసు కింద పెట్టాడు. “మఫ్లర్ నీలం రంగా?”

“అవును! నువ్వూ చూశావన్నమాట. చెప్పు వీళ్ళకి!”

“చూశాను, మీ పెళ్ళిలో. వీడియో తీసేవాడి మీద అలా కసిరింది మా నాన్న.”

వీడియో బావ బల్ల మీది డిస్కుని తీసి అట్ట తిప్పి చూశాడు.

“మళ్ళీ రికార్డు కాకూడదని మూల విరిచిన క్యాసెట్లకి కూడా టేపు అంటించి, ఏది ఏదో చూసుకోకుండా వాటి మీదే సినిమాలు ఎక్కించేవాడివి. పెళ్ళి క్యాసెట్టూ అలాగే పోయింది. సినిమా అయిపోయాక చెరగకుండా మిగిలిన ముక్క అది. పైగా క్యాసెట్ అక్కే పారేసిందని ఇన్నేళ్ళూ తిడతావా? నాన్న పోయాక ఆ గొంతు ఒక్కసారి వినాలని అక్క వెతకని బీరువా లేదు. మనిషివేనా నువ్వు?”

టీ ఆయన కూడా నవ్వడం మానేశాడు.

“ఆ క్యాసెట్ ఉందా?” అన్నాడు బామ్మర్ది.

“ఉంది,” అన్నాడు బావ నెమ్మదిగా.

“అయితే లే. డిస్కు షాపు తర్వాత, ముందు ఇంటికి పద. ఆ ముసలాయన్ని ఏ ఇటలీ నుంచి తెచ్చావో అక్కకి నువ్వే చెప్పు.”