తడి చీరలు ఆరేసే చోటు

గద్వాలలో డాబా మీద సోలార్ పెట్టిస్తున్న రోజాకు అన్నిటికన్నా పెద్ద భయం, సోలార్ పలకలు బిగించే ఇనుప చట్రం పట్టుకుంటే తన పాపకు షాక్ కొడుతుందేమోనని.

"మెయిన్ స్విచ్ బంద్ జేసిన అన్నా. ఇగ కరెంటుండదు గద?" అని ఫిట్టర్‌ను అడిగింది.

"కింద బందయినా, ఎండున్నంత సేపు పైన పలకలల్ల పుడుతనే ఉంటది చెల్లె."

"నా బిడ్డనైతే జోకొట్టి పండవెడ్త. దీన్నెట్ల పండవెట్టాలె?"

ఫిట్టర్ నవ్వాడు. "పండదు గని, చట్రం నుంచి భూమిలకు ఎర్త్ తీగ దింపుతున్న. వైరు తొడుగు చిరిగినా కరెంటు భూమిలకు పోతది."

"ఆ తీగ లేకుంటే?"

"ముట్టినోళ్లకు తగుల్తది. ఎందుకట్ల గాబరైతున్నవ్?"

"రాజోలిల మా అమ్మ కిష్టమ్మ ఇంటి మీద గూడ సోలార్ ఉంది, దానికి గా తీగనే లేదన్నా. తడి చీరలు చట్రం మీదనే ఆరేస్తది. పొద్దుగాల్నుంచి ఫోన్ ఎత్తుతలేదు."

పాపకు జ్వరం, అందుకే రోజా ఇల్లు వదిలి వెళ్లలేకపోతోంది. మీరు రాజోలి దిక్కు పోతుంటే, కిష్టమ్మను ఒకసారి చూసి రండి.