మూసిన నోళ్ళు

మధ్యాహ్నం సౌదీలోని జుబైల్‌లో, కంపెనీ క్వార్టర్లో ఆమె భర్తకు అన్నం వడ్డిస్తోంది. లేబర్ క్యాంపు చూసుకునే ఇంజనీరు అతను. ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ మహా హుషారుగా ఉన్నాడు.

“ఇంగ్లీషులో ‘బ్రూల్’ అని ఒక పాత మాటుంది, తెలుసా? జనమంతా కలిసి గొంతులోనే గుంయ్‌మనే చప్పుడు. ఇవాళ క్యాంపు మెస్‌లో అదే వినిపించింది. ఏమిటా చప్పుడని మా బ్రిటిష్ మేనేజర్ అడిగితే ఠక్కున ఆ మాట చెప్పాను. మురిసిపోయాడనుకో!”

“కూలీలు అలా ఎందుకు చేశారు?”

“వారం నుంచీ పప్పులో పురుగులట. నోరు తెరిచి అడిగినవాణ్ణి వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఇండియా పంపేస్తారుగా! అందుకని అందరూ నోళ్ళు మూసుకునే మూలిగారు. ఎవణ్ణని పట్టుకుంటాం?”

“ఆ పప్పు మీరు చూశారా?”

“చూశాను. తెల్లగా తేలుతున్నాయి.”



“ఛీ! ఆ సంగతి మేనేజర్‌కి చెప్పారా?”

“మంచి మూడ్‌లో ఉన్నాడు, చెడగొట్టడమెందుకు? ‘బ్రూల్’ అన్న మాట ఎక్కడ పుట్టిందని కూడా అడిగాడు.”

“ఎక్కడ పుట్టింది?”

“జర్మన్‌లో. అక్కడ దానర్థం గర్జించడం.”

“అదైనా చెప్పారా?”

“పిచ్చిదానా, చెబితే బెదిరిపోడూ? తేనెటీగల పాట లాంటిదన్నాను.”

ఆమె గరిటెలోని పప్పును తిరిగి గిన్నెలోకి వంచేసింది.

“అదేంటి, పప్పు వెయ్యవేం?”

ఆమె పెదవి విప్పలేదు. గొంతులోంచి మాత్రం ఆ చప్పుడే వచ్చింది.