వీపు వంగే రోజు

కొత్త సంవత్సరం పొద్దున. ప్లోవ్‌దివ్ నగరంలో, కొట్టే మొగుళ్ళ దగ్గర్నుంచి పారిపోయొచ్చిన తల్లీపిల్లలు తలదాచుకునే ఇల్లు. పండగ రోజుల్లో ఊరికే వంటసాయానికొచ్చే ముసలి స్తామెన్. తలుపు దగ్గర సంచీతో దెనిత్సా.

“ఆ కర్ర బయట పారేసి రండి బాబాయ్. చెప్తున్నా కదా.”

“కర్రంటావేంటమ్మాయ్ దెనిత్సా! ఎర్ర ఊలు చుట్టా, ఎండుమిరపకాయలు కట్టా, పేలాల దండేశా. పెళ్ళిలో మా ఆవిడక్కూడా ఇంత సింగారం లేదు.”

“ఏం చుట్టినా కర్ర కర్రే. మా పిల్ల ఇస్క్రా చూసిందంటే మంచం కింద దూరుతుంది.”

“చూసేసింది. దూరేసింది కూడా. అందుకేగా నీ దగ్గరకొచ్చా! ఇవాళ పిల్లలు ఈ కర్రతో వీపు మీద నాలుగు తట్టి దీవించకపోతే ఏడాదంతా నాకు నడుంనొప్పే. ఇంతకీ ఆ సంచీ ఏంటి?”

“ఉతికే బట్టలు.”

“పండగ పూటా? బూట్లు కూడా ఉతుకుతావా? పైకే కనబడుతున్నాయి, పిల్లవి.”

“ఇంటికెళ్తున్నాం. మధ్యాహ్నం బస్సుకి. చాలా? మా ఆయన మారాడు బాబాయ్. ఒట్టేశాడు.”

“దేనిమీద?”

“వాళ్ళమ్మ మీద.”

“పోయినసారి?”

“...వాళ్ళమ్మ మీదే.”

“ఆవిడింకా బతికే ఉందా? గట్టి మనిషే!”

“నవ్వించకండి. ఉల్లిపాయలు తరగడానికొచ్చారు, తరుక్కోండి.”

“సరే, వెళ్ళు. ఎవడాపాడు? ఒక్కటి చెయ్. ఈ కర్ర పట్టుకెళ్ళు. గుమ్మంలో పిల్ల చేతికిచ్చి, నాన్న వీపు తట్టమను. ఇవాళ ఈ దేశంలో ఎంత పోటుగాడైనా పిల్లల ముందు వంగుతాడు. మీ క్రాసిమిర్ వంగాడా, నేనే మీ ఇంటికొచ్చి గుంజీళ్ళు తీస్తా.”

“వంగుతాడు.”

“మెల్లిగా అన్నావేం?”

“వంగుతాడు! వంగుతాడు! వినబడిందా?”

“అడుగు మరి. ఫోన్ చేసి.”

“అడుగుతా. నాకేం భయమా? ఫోన్ వరండాలో ఛార్జింగ్‌లో ఉంది. మీరిక్కడే ఉండండి. అక్కణ్ణుంచే మాట్లాడతా, చెవులు రిక్కించుకుని వినండి.”

“తాతా... అమ్మేది?”

“ఓహో, మంచం కింద మహారాణి బయటికొచ్చారే! ఫోన్ చెయ్యడానికెళ్ళింది.”

“ఫోనా?”

“ష్. విను.”

“హలో, క్రాసిమిర్? ఆఁ, నేనే. వస్తున్నాం. ఒక్కమాట. గుమ్మంలో పిల్ల నీ వీపు తడుతుంది, కాస్త వంగుతావా?... నీ వీపే... ఎగతాళి కాదు. అందరూ వంగుతారుగా. ఒక్కసారి వంగితే... ఒక్కసారి క్రాసిమిర్, సరే అను, చాలు... అరవకు. అరవకంటున్నానా? ఏంటి, కర్ర ఎవరి చేతిలో ఉండాలో చూపిస్తావా? చూపించావుగా, ఆరేళ్ళు చూపించావుగా! రాను. వినబడిందా? నేను రాను!”

“అదీ... వచ్చావా అమ్మాయ్. అంత మాటన్నాడా?”

“విన్నారుగా.”

“ఉత్తుత్తికైనా వంగుతాననొచ్చుగా, వెధవ!”

“అదే బాబాయ్. ఉత్తుత్తికైనా ఆ ఒక్క మాట రాలేదు. ఎంత లాగినా రాలేదు. ఇస్క్రా, సంచీ లోపల పెట్టు. తర్వాత ఆ కర్ర తీసుకో.”

“నేను ముట్టుకోను.”

“ముట్టుకోకుంటే మానెయ్. నేను మాత్రం వంగేశా. ఎవరో ఒకరు తట్టేదాకా లేవను. కూర మాడితే మీదే పూచీ.”

“తాతా, నొప్పెడుతుందా?”

“పేలాలు రాల్తాయి, అంతే.”

“నేను కొట్టాక... నువ్వు తిరిగి కొడతావా?”

“నువ్వు కొట్టాక నేను నారింజపండివ్వాలి. ఇవ్వకపోతే పోలీసులు పట్టుకుపోతారు.”

“అబద్ధం.”

“పోలీసులు అబద్ధం. పండు నిజం.”

“...ఏడాదంతా బాగుండు తాతా.”

“తట్టావా? ఈగ వాలిందనుకున్నా.”

“ఏడాదంతా బాగుండు తాతా!”

“ఆఁ! ఇదీ దెబ్బంటే! దెనిత్సా, నువ్వూ రా. వీపు ఇంకా చాలా ఖాళీగా ఉంది.”

“నేను పెద్దదాన్ని బాబాయ్, పిల్లలు కదా తట్టాలి?”

“ఎవడు చూశాడు? రా.”

“మా ఆయన వీపనుకోనా?”

“అనుకో. కానీ వీపు నాదని మాత్రం మర్చి... అమ్మో! అమ్మా! విరిగింది!”

“అయ్యయ్యో, నడుమా?”

“కర్ర!”

“అమ్మా... నువ్వు నవ్వుతున్నావు.”

“నవ్వనీవే. ఇంకో కర్ర చేసిస్తారా బాబాయ్? మీకింకో దెబ్బ బాకీ ఉన్నా.”

“నాకొద్దు తల్లీ, నువ్వు తట్టేది! పిల్ల తడితే చాలు.”

“అమ్మా, ఒకటడగనా?”

“అడుగు బంగారం.”

“నాన్నతో దేంతో మాట్లాడావు? ఫోన్ రాత్రే దాచేశాగా. ఇదిగో చూడు, సంచీలో, నా బూటులోనే ఉంది.”